తీగకూ అలసట ఉన్నది

విద్యుత్ పరికరము చెడిపోతే "వేడెక్కి కాలిపోయింది" అనడము మనకు పరిపాటి. ఈ మాటలో సగమే సత్యమున్నదని మా అభిప్రాయము. పరికరమునకు చేటు తెచ్చేది వేడిమి ఒక్కటే కాదు. ఆ వేడిమి మాటిమాటికీ ఎక్కి దిగడము.

ఉదాహరణకు రాంనగర్ దాటి దూరము పోనక్కరలేదు. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ల నడుమ ప్రారంభమైన మెట్రో మార్గము 11 కిలోమీటర్లు, స్టేషన్లు తొమ్మిది. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ విడిచిన బండి చిక్కడపల్లిలో ఆగుతుంది. కదిలి మరల నారాయణగూడలో ఆగుతుంది. ఇట్టి బండ్ల మోటార్లకు విద్యుత్తును అందించే సిలికాన్ చిప్పులు బయలుదేరునపుడు కాగుతవి, నిలిచినపుడు చల్లారుతవి. ప్రయాణికునికి అది ఒక స్టేషను. చిప్పుకు ఒక వేసవి, ఒక శీతకాలము.

సాధారణముగా ఈ చిప్పు మీద అల్యూమినియము తీగలను టంకము లేకుండ, చెవికి వినబడని కంపనములతో నొక్కి అతికిస్తారు. మీటరు పొడవు అల్యూమినియము ఒక డిగ్రీ వేడికి సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. సిలికాన్ మూడు మైక్రాన్లు కూడ పెరగదు. ఒకటి సాగజూస్తుంది, రెండవది సాగనీయదు. ఈ పెనుగులాట లక్షలమార్లు జరిగేసరికి అతుకు అంచున పగులు పుట్టి లోనికి ప్రాకుతుంది. తుదకు తీగ పాదము లేచిపోతుంది. యంత్రము అప్పుడే ఆగదు. పల్లకి మోసేవారిలో ఒకడు తప్పుకున్నట్లే, ఆ బరువు ప్రక్క తీగల మీద పడుతుంది. అవి మరింత కాగి, మరింత త్వరగా లేస్తవి. మనము చూసే నల్లని మచ్చ చివరి తీగది మాత్రమే. దానిని చూసి "షార్టు" అని తీర్పు చెప్పేవారే ఎక్కువ!

1997లో స్విట్జర్లాండ్ పరిశోధకులు రైలు ఇంజన్లలో వాడే మాడ్యూళ్లను ఇట్లే కాచి చల్లార్చి లెక్కగట్టినారు. వారి సూత్రము ప్రకారము సగటు వేడి మారకుండ హెచ్చుతగ్గుల అంతరము సగమైతే, ఆయువు సుమారు ముప్పది రెట్లు పెరుగుతుంది.

రైళ్లకు లెక్క చూసే ఇంజనీర్లున్నారు. అశోక్‌నగర్ కూడలిలో ఆగి ఆగి కదిలే బ్యాటరీ ఆటోవానికి ఎవరున్నారు? అతని చేతికిచ్చే వారంటీ కాగితము మీద సంవత్సరములో, కిలోమీటర్లో ఉంటవి. లోపలి అతుకు ఎన్నిమార్లు కాగి చల్లారగలదో ఉండదు. అప్పు తీరకముందే కంట్రోలరు పోతే, మూసి పోతపోసిన పెట్టెను విప్పి తీగ అతికే దారి లేదు, మొత్తము మార్చవలసినదే. తయారీదారులు ఆ సంఖ్యను కాగితము మీద ముద్రించి తీరవలెనని మేము గట్టిగా కోరుతున్నాము.

తెలుగు చెప్పేవారికి ఈ గొడవ ఏల అని కమిటీ పెద్దలు నవ్వవచ్చును. లోహమునకు "అలసట" అన్న మాటను పరీక్ష కొరకు వల్లించి మరచే పిల్లలను రోజూ చూస్తున్నాము కనుక! భౌతికశాస్త్ర ప్రయోగశాలకు మంచి మైక్రోస్కోపు ఒకటి కొనవలెను. విద్యార్థులారా, మీరు లిఫ్టులు మరమ్మతు చేసేవారిని అడిగి, వారు పారవేసే పాత మాడ్యూళ్లు తెండు. పెద్దవాటిలో తీగల మీద మెత్తని సిలికోన్ జెల్ ఉంటుంది. అధ్యాపకుని ఎదుట దానిని తొలగించి, లేచిన పాదములెన్నో, నిలిచినవెన్నో లెక్కించండి. మొదటి సంవత్సరమునకు నాలుగు మాడ్యూళ్లు చాలును.