కాలు కడుక్కోవడం కూడా నేర్పాలా?

మా పెద్దమ్మకి ఎడమకాలు బోదకాలు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇదేం వింత కాదు, మా చిన్నప్పుడు వీధికొకరన్నా కనపడేవాళ్ళు. మురుగునీట్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుడుతుంది, ఫైలేరియా పురుగులు ఒంట్లో చేరి లింఫు నాళాల్లో కాపురం పెడతాయి. నాళాలు పాడయ్యాక నీరు కాల్లోనే నిలిచిపోయి, ఏళ్ళు గడిచేకొద్దీ వాపు గట్టిపడుతుంది. ఇదంతా నాకు స్కూల్లోనే చెప్పారు. ఆవిడ ఇన్నేళ్ళూ ఆ కాలు ఎలా కడుక్కుంటోందో మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

కిందటేడు వానాకాలంలో ఆవిడకి మూడుసార్లు చలిజ్వరం వచ్చింది. గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రబడి నిప్పులా కాలడం, వారం రోజులు మంచం దిగలేకపోవడం. మూడోసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. (ఏ ఆస్పత్రో చెప్పను, ఆ ఒక్కదాన్ని అని లాభం లేదు.) యాంటీబయాటిక్స్ ఇచ్చారు, తగ్గింది. ఇంటికి పంపేటప్పుడు కాయితం మీద ‘లింఫెడిమా కేర్ అడ్వైజ్డ్’ అని ఒకే ఒక్క ముక్క, అదీ ఇంగ్లీషులో. చదవాల్సింది ఏడో తరగతితో బడి మానేసిన డెబ్భై ఒక్కేళ్ళావిడ!

పెదనాన్న లేరు. అక్క మస్కట్‌లో, నేను హైదరాబాదులో. ఇంక నేనేం చేసుంటానో మీరు ఊహించే ఉంటారు. అవును, ఒక ఆప్ రాశాను :) పొద్దునా సాయంత్రం గంట మోగుతుంది, తెలుగులో ‘కాలు కడిగారా?’ అని అడుగుతుంది, నొక్కితే పచ్చ టిక్కు పడుతుంది. మూడు వారాలు నా తెర మీద అన్నీ పచ్చ టిక్కులే. నేనూ పొంగిపోయాను. ఇరవై రెండో రోజున మళ్ళీ జ్వరం.

అప్పుడు వీడియో కాల్ చేసి అడిగాను.

‘పెద్దమ్మా, నిజంగా కడుగుతున్నావా?’

‘కడక్కేమిరా నాయనా, రోజూ రెండు చెంబులు పోస్తన్నాను గదా!’

పోయడం. అక్కడ పట్టుబడింది అసలు తప్పు. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి, వంగలేదు. చెయ్యి పిక్క దాకా వెళ్తుంది, పాదం అందదు. పక్కింటి అమ్మాయి ఫోను కిందికి దించి చూపిస్తే, వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని ఒరిసిపోయి ఉంది. జ్వరాలకి దారి అదే. ఈ జ్వరం తెప్పించేది చాలామటుకు ఫైలేరియా పురుగు కాదు, ఆ పగుళ్ళలోంచి లోపలికి దూరే బాక్టీరియా. లింఫు సరిగ్గా పారని కాల్లో అది తేలిగ్గా రెచ్చిపోతుంది. అంటే రోజూ రెండు చెంబులు పోసి తుడవకుండా వదిలేయడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతోంది. నా ఆప్ దానికి పచ్చ టిక్కులు పెడుతోంది.

మన వృత్తి భాషలో చెప్పాలంటే, యూజర్ని అడక్కుండా ప్రోగ్రాం రాశాను. ఆస్పత్రి వాళ్ళు చేసిందీ అదే. ‘పాదం సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడవండి’ అని ఏ కరపత్రం చూసినా ఉంటుంది. పాదం అందనివాళ్ళు ఏం చెయ్యాలో నేను చూసినవాటిల్లో ఒక్కదాంట్లోనూ లేదు. బోదకాలు ముదిరినవాళ్ళల్లో వంగగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఆ తర్వాత ఆదివారం ఆదివారం వీడియోలో కూర్చున్నాం. ముందు డాక్టరుకి చూపించి గుండె, కిడ్నీ, షుగరు పరీక్షలు చేయించాం. కాళ్ళవాపంతా బోద కాదు కదా, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రకి కూడా చీలమండలు వాస్తాయి. ఆయన సరేనన్నాక మొదలెట్టాం. కుర్చీలో కూర్చుని పాదం ఎత్తుపీట మీద పెట్టడం. పొడుగు పిడి బ్రష్షుకి మెత్తటి గుడ్డ చుట్టి, సబ్బు రాసి మెల్లిగా రుద్దడం. వేళ్ళ సందులు తుడవడానికి పాత నూలుచీర పేలిక, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని లాగడం (ఇది ఆవిడ ఐడియానే, నాది కాదు). డాక్టరు రాసిచ్చిన ఆయింట్‌మెంటు పక్కింటి అమ్మాయి రాస్తుంది. రాత్రి మంచానికి కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు.

వ్యాయామం దగ్గర ఇబ్బంది పడ్డాం. ‘చీలమండని పైకీ కిందికీ ఆడించు’ అంటే ఆవిడకి ఎక్కలేదు. ఒకప్పుడు ఊరందరికీ రవికలు కుట్టిన మనిషి. ‘కుట్టుమిషను తొక్కినట్టు’ అన్నాను. ఇక చెప్పాల్సిన పనే లేకపోయింది. అయితే జ్వరం ఉన్నప్పుడు మాత్రం తొక్కకూడదు, విశ్రాంతే.

ఇక నా అభిప్రాయం. ఫైలేరియా నిర్మూలన పేరుతో ఇంటింటికీ మాత్రలు పంచడం మంచిదే. వ్యాధి కొత్తవాళ్ళకి పాకకుండా అది కావాలి. కానీ ఆ మాత్రలు వాచిపోయిన కాలుని మామూలుగా చెయ్యలేవు. వాచినవాళ్ళకి బకెట్, మగ్గు, తువ్వాలు, సబ్బుతో కిట్లిచ్చి, శిబిరంలో ఒకసారి కడిగి చూపిస్తారు. శిబిరం దాకా నడవలేనివాళ్ళే దాన్ని తప్పిపోతారు, వాళ్ళకే అది ఎక్కువ అవసరం. తెలంగాణలో 2018 నుంచి బోదకాలు బాధితులకి పింఛను ఇస్తున్నారు, సంతోషం. పింఛను ఇవ్వాలంటే పేరూ ఊరూ రాసుకోవాల్సిందే కదా. ఆ జాబితా పట్టుకుని నెలకి రెండు ఫోన్లు చెయ్యలేమా?

ఫోన్లో వైద్యసలహా మనకి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 సలహా సేవ 2007లోనే మొదలైంది. 2020లో ఈ-సంజీవని ద్వారా ఇంట్లోంచే డాక్టరుతో మాట్లాడే వీలొచ్చింది. కానీ రెండిట్లోనూ రోగే ఫోను చెయ్యాలి, అదీ జబ్బు చేసినప్పుడు. నేను అడిగేది దానికి తిరగేసింది. ఒంట్లో బాగున్నప్పుడు వాళ్ళే ఫోను చేసి, ‘ఏదమ్మా, నీ పాదం చూపించు’ అనాలి. దానికి డాక్టరు అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. ఓపిక మాత్రం ఉండాలి.

అన్నీ ఫోన్లోనే అయిపోతాయని నేననను. పుండు చీము పడితే వచ్చే వాసన ఫోన్లో రాదు. పాదంలో నాడి కొడుతోందో లేదో తెలీదు, అది చూడకుండా గట్టిగా పట్టీలు చుట్టించడం ప్రమాదం. పిక్కలో నొప్పితో ఒకే కాలు హఠాత్తుగా వాస్తే నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. కాబట్టి ఆశా కార్యకర్త నెలకోసారన్నా గుమ్మం తొక్కాలి.

ఇంతకీ పెద్దమ్మ కాలు సన్నబడలేదు. టేపుతో కొలుస్తూనే ఉన్నాం, అరంగుళం అటూ ఇటూ. కానీ ఈ ఎనిమిది నెలల్లో జ్వరం ఒక్కసారే వచ్చింది, అదీ పెళ్ళికెళ్ళి నాలుగు రోజులు కడగడం మానేసినప్పుడు. మొన్న ఫోను చేస్తే లైను ఖాళీ లేదు. వాళ్ళ వియ్యపురాలికి చీర పేలిక ఎంత వెడల్పు చింపాలో చెబుతోందట. నా ఆప్ ఇంకా పొద్దున్నే మోగుతూనే ఉందట, ఆపడం తెలీక ఫోను దిండు కింద దాస్తోందట.