జట్టు మనది, రోడ్డెవరిది?

మా ఫిల్మ్‌నగర్‌లో కారు పందెం చూడటం సులువే. పచ్చ తెర ముందు కారు కదలకుండా నిలబడి ఉంటుంది. చెట్లూ, రోడ్డూ తర్వాత వచ్చి పరుగెత్తుతాయి. హీరోగారు స్టీరింగు అటూ యిటూ తిప్పి కాఫీకి వెళతారు.

అందుచేత 2022 నవంబరులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజం కార్లు నిజం రోడ్డుమీద పరుగెడతాయంటే నేను నమ్మలేదు. మా వీధి మెకానిక్కు కొడుకు, పన్నెండేళ్లవాడు, నన్ను లాక్కుపోయాడు. "మన టీము గూడ ఉన్నది తాతా!"

టీము పేరు హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్. ఇండియన్ రేసింగ్ లీగులో ఆరు జట్లు, జట్టుకో మహిళా డ్రైవరు. మన జట్టులో ఈ ఊరి అనిందిత్ రెడ్డితోపాటు, 2016లో లెమాన్స్ గెలిచిన నీల్ జానీ కూడా ఉన్నాడు. తీరా చూస్తే ప్రమాదాలూ, ఆలస్యాలూ అయి ఆ నవంబరు పందెం రద్దయింది. డిసెంబరులో మళ్లీ పెట్టారు. కిరీటం కొచ్చి జట్టుకు పోయినా, రెండో స్థానం మనదే. మా వాడి గొంతు మూడు రోజులు పెగల్లేదు.

2023 ఫిబ్రవరి 11న అదే ఒడ్డున ఫార్ములా ఈ వచ్చింది. అన్నీ బ్యాటరీ బండ్లే. ఫ్రాన్సు దేశపు వెర్న్ గెలిచాడు. "ఇంజనే లేకపోతే మా నాయన ఏం రిపేరు చేస్తడు?" అని వీడి బెంగ. ఆ బెంగా ఎక్కువ కాలం నిలవలేదు. ప్రభుత్వం మారింది, ఒప్పందం చెల్లలేదు, 2024 ఫిబ్రవరి పందెం జనవరిలోనే రద్దయింది.

ఆ ఆగస్టు 31న వీధి పందెం రాత్రి దీపాల కింద మద్రాసులో మొదలైంది. మన జట్టు అక్కడికి వెళ్లి పరుగెత్తింది. ఆ యేడే జట్టును నటుడు నాగచైతన్య కొన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు తెలుగు సినిమా మద్రాసులో తయారయ్యేది. ఈయన తాతగారు నాగేశ్వరరావుగారు హైదరాబాదు వచ్చేసి, 1976లో అన్నపూర్ణ స్టూడియో పెట్టారు. సినిమా మొత్తం కదిలి రావటానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు మనవడిగారి హైదరాబాదు జట్టును చూడాలంటే మద్రాసు రైలెక్కాలి!

ఈ ముచ్చట మా వాడికి చెప్పి, "సినిమా వచ్చినట్టే పందెమూ తిరిగొస్తుందిలేరా" అన్నాను.

వాడు వేళ్లమీద ఏదో లెక్క కట్టుకున్నాడు.

"అంటే నేను ముసలోణ్ణి అయినంకనా తాతా?"

నా దగ్గర జవాబు లేదు. వాడు స్పానరు తీసుకుని బండి కిందికి దూరాడు.