బ్రాకెట్ చాటు పిరికితనం

ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ఉన్నాను. పక్కనున్న పెద్దాయన దరఖాస్తు నా ముందుకు చాపి, "ఒక్క కాగితం చాలా బాబూ, అన్నీ తేవాలా?" అని అడిగాడు. చదివాను. 'డాక్యుమెంట్' అన్న మాట, దాని తోకకు బ్రాకెట్‌లో ఒక 'ఎస్'. ఆ వెనకే 'ఈజ్', అడ్డగీత, 'ఆర్'. జవాబు నా దగ్గర లేదు, ఎందుకంటే ఆ వాక్యంలోనే లేదు. ఒళ్లు మండిపోయింది. ఎన్ని పత్రాలు కావాలో తేల్చుకోవలసినవాడు తేల్చకుండా, ఆ బరువు చదివేవాడి నెత్తిన పడేశాడు. దీన్ని జాగ్రత్త అని సమర్థించేవాళ్లున్నారు. నేను పిరికితనం అంటాను.

అసలు బ్రాకెట్ ఎందుకు? 'పేరెంథసిస్' అన్న మాటకు గ్రీకులో పక్కన చొప్పించినది అని అర్థం. 16వ శతాబ్దపు పండితుడు ఎరాస్మస్ ఈ గుర్తుల్లో నెలవంకలను చూసి, లాటిన్‌లో ఆ పేరే పెట్టాడు. ఆ రెండు వంకల నడుమ ఉన్నది తీసేసినా వాక్యం చెక్కుచెదరకూడదు. అందుకే క్రియ బయటి కర్తనే చూస్తుంది. 'మై బ్రదర్' అని మొదలుపెట్టి బ్రాకెట్‌లో 'అండ్ హిజ్ ఫ్రెండ్స్' అని చేర్చినా, ఆ తర్వాత రావలసింది 'ఈజ్ కమింగ్' మాత్రమే. లోపల నలుగురున్నా నలభైమంది ఉన్నా కర్త ఒక్కడే.

ఇది మన పిల్లలకు కొత్త సంగతా? 'రవి తమ్ముళ్లతో కలిసి వచ్చాడు' అంటాం. 'రవీ తమ్ముళ్లూ వచ్చారు' అంటాం. కర్తగా ఎవరిని నిలబెడితే క్రియ వాళ్లది. ఇంటి భాషలో ఇంత గట్టి ఆధారం ఉండగా, ఇంగ్లీషు క్లాసులో మాత్రం రూలు బట్టీ పట్టమంటాం. కారణం చెప్పం. పిల్లల తెలివికి ఇంతకు మించిన అవమానం లేదు.

కారణం చెప్పనందుకే, తర్వాతి ప్రశ్న దగ్గర మన నోరు పడిపోతుంది. 'ఎ రీజన్' మధ్యలో బ్రాకెట్ పెట్టి 'ఇంపార్టెంట్' అని రాస్తే, 'ఎ' కాస్తా 'యాన్' అవుతుంది. బ్రాకెట్ లోపలికి క్రియ చూడదన్నారు, మరి ఆర్టికల్ ఎందుకు చూస్తోంది? క్రియ కర్త సంఖ్యను పట్టి నడుస్తుంది, ఆర్టికల్ నోటి పలుకును పట్టి మారుతుంది. పైకి చదివితే దాని వెంటనే వినిపించేది బ్రాకెట్‌లోని అచ్చే. అచ్చుకు అచ్చు ఎదురైతే ఏం జరుగుతుందో సంధుల్లో నేర్చుకున్నవాళ్లకు ఇది వింత కాదు. కానీ ఇప్పుడు బ్రాకెట్ ఎత్తేసి చూడండి. 'యాన్ రీజన్' అని కుంటుతుంది. అంటే ఆ మాట చుట్టపుచూపుగా వచ్చింది కాదు, ఇంటి మనిషే. ఇంటి మనిషిని అరుగు మీద కూర్చోబెట్టడం దేనికి? బ్రాకెట్ తీసేసి లోపలికి పిలవండి.

బ్రాకెట్ 'ఎస్' లేకపోతే చట్టపరంగా చిక్కులొస్తాయని కొందరు బెదిరిస్తారు. మన 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ తెరిచి చూడండి. సందర్భం అడ్డురాకపోతే, కేంద్ర చట్టాల్లో ఏకవచనం బహువచనాన్నీ, బహువచనం ఏకవచనాన్నీ కలుపుకొంటాయని అది తేల్చేసింది. బ్రిటన్‌లో 1978 నాటి ఇంటర్‌ప్రెటేషన్ చట్టం 6వ సెక్షన్‌దీ ఇదే మాట. జైలుశిక్షలు రాసే చట్టానికే ఈ బ్రాకెట్ అక్కర్లేకపోతే, కాగితాలు అడిగే దరఖాస్తుకు ఎందుకు? ఒకటైనా పదైనా ఫరవాలేదంటే 'వన్ ఆర్ మోర్' అని మూడు మాటలు రాస్తే సరిపోతుంది. 'ఈజ్', 'ఆర్' తగువే ఉండదు.

రాసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. చెప్పవలసిన మాటైతే బ్రాకెట్ బయటికి తెచ్చి, కర్తలో కలిపి, క్రియను దానికి తగ్గట్టు మార్చండి. చెప్పనక్కర్లేనిదైతే కొట్టేయండి. తేల్చుకోలేకపోతే తేల్చుకున్నాకే కలం పట్టండి. ఆ పెద్దాయన మిగతా కాగితాల కోసం బస్సెక్కి ఊరికి వెళ్లాలా వద్దా అన్నది ఆ ఒక్క అక్షరంలో ఉంది. దాన్ని రెండు వంకల మధ్య దాచే హక్కు ఎవరికీ లేదు.