పదపరిచయము: సార్వభౌముడు

హారతివేళ స్వామిని సార్వభౌముడని స్తుతింతుము. ఈ మాట యెక్కడిది? సర్వభూమికిని ఈశ్వరుడైనవాడు సార్వభౌముడని పాణిని సూత్రము. ఐతరేయ బ్రాహ్మణమున రాజాభిషేక ప్రకరణమందును ఈ శబ్దము కలదు. ఉత్తరదిక్కున నున్న దిగ్గజమునకును ఇదియే పేరు. భూమి నేలువానికిని, మోయుదానికిని ఒక్కటే పేరగుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

మన మిప్పుడు నివసించు హవాయి దీవుల భాషలో ఈ యధికారమును "ఏఅ" అందురు. ఊపిరి, ప్రాణము అనునవియు ఆ మాటకు అర్థములే. 1843 ఫిబ్రవరిలో జార్జి పాలెట్ అను బ్రిటిషు నౌకాధికారి ఈ రాజ్యము నాక్రమించెను. అయిదు నెలలకు రిచర్డ్ థామస్ అను అడ్మిరల్ వచ్చి దానిని తిరిగి రాజున కప్పగించెను. ఆ జులై 31వ తేదీని మూడవ కమేహమేహ రాజు, భూమియొక్క "ఏఅ" ధర్మముచేతనే నిలుచుచున్నదని పలికెను. ఆ వాక్యమే 1959లో రాష్ట్రమునకు ధ్యేయవాక్యమైనది. నడుమ 1893లో లిలియుఓకలాని రాణిని సింహాసనమునుండి త్రోసివేసిరి. చక్కెర వ్యాపారుల చేయియు అందు కలదు.

మనలో పలువురి పెద్దలు ఫిజీ, మారిషస్ దీవులలో చెఱకు నఱికినవారు. తోటలో వారెఱిగిన సార్వభౌమ శబ్దము "దొర" యొక్కటే. మా తాతగారు సాయంకాలపు పూజలో "సార్వభౌమ" యను నామము రాగానే గొంతు హెచ్చించెడివారు. పగలెల్ల "దొరా" యని మెల్లగా పలికిన నోరే యది.