ఊరి నడుగని సరిహద్దు

ఎన్నికల చరిత్ర యనగానే మనవారు గెలిచినవారి పేర్లపట్టిక చేతబట్టుకొందురు. ఫలానా సంవత్సరమున ఫలానావారు ఇంత యాధిక్యముతో జయించిరని చెప్పి, చరిత్ర ముగిసినదని తలంతురు. రాజుల వంశావళినే దేశచరిత్రగ వల్లించిన పాత యలవాటు ప్రజాపరిపాలన వచ్చినను మనలను వదలలేదు. కాని గెలిచినవాని పేరుకంటె ముందుగ తెలిసికొనవలసిన దొకటి కలదు. ఏ యూరిని ఏ పేటతో గట్టి, ఇరువురకును కలిపి యొక్క ప్రతినిధి నెన్నుకొను డన్నారు? ఆ ముడి వేసినవా రెవరు? విప్పినవా రెవరు? హైదరాబాదు పాతబస్తీకిని, దానికి పడమటనున్న చేవెళ్ల, వికారాబాదు, తాండూరు సీమలకును గల సంబంధమును పరికించినచో ఈ ప్రశ్నల విలువ తెలియగలదు.

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినపుడు ఈ పల్లెసీమకు వికారాబాదు పేరిట ప్రత్యేక లోక్‌సభ నియోజకవర్గ ముండెను. 1957లోను, 1962లోను అచ్చటినుండి సంగం లక్ష్మీబాయిగా రెన్నికైరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని, హైదరాబాదు రాష్ట్రమున విద్యాశాఖకు ఉపమంత్రిణిగ పనిచేసిన విదుషీమణి యామె. ఆమె స్థాపించిన ఇందిరా సేవాసదనమే నేడు పాతబస్తీప్రక్క ఐ.ఎస్. సదన్ చౌరస్తాకు పేరిచ్చినది. ప్రతిదినము ఆ చౌరస్తాలో బస్సెక్కువారిలో ఎందరికి ఈ సంగతి తెలియును? పల్లెల ప్రతినిధి పేరు నగరపు కూడలిలో మిగిలినది. ఆమెను పంపిన నియోజకవర్గము మాత్రము పటముననుండి చెరిగిపోయినది. 1967 నాటికి వికారాబాదు లోక్‌సభ స్థానమే లేదు. ఆమె మెదకునుండి ఎన్నికైరి.

పిమ్మట ఆ పల్లెలను హైదరాబాదు స్థానమునకు జతపరచిరి. 2004 ఎన్నికలవరకు చార్మినారు, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, కార్వాన్ అను నగరభాగములతో చేవెళ్ల, వికారాబాదు, తాండూరు శాసనసభ స్థానములు కలిసి యొక్క లోక్‌సభ నియోజకవర్గముగ నుండినవి. చార్మినారునుండి తాండూరు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఒకచోట ఇరుకుసందులు, మురుగుకాలువలు, గాజుల బజారు. మరియొకచోట రాతిగనులు, కందిచేలు, కర్ణాటకపు పొలిమేర. ఇట్టి రెండు లోకములకు ఒక్కడే సభ్యుడు!

ఆ పొత్తువలన మేలు లేకపోలేదు. 1984లో సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీగారు స్వతంత్రులుగ గెలిచినపుడు ఆధిక్యము నాలుగువేల ఓట్లకు లోబడియుండెను. అప్పుడు ప్రతి యోటునకు విలువ గలదు. కాని పక్షములవారు పల్లెల నే దృష్టితో జూచిరి? 1991లో బద్దం బాల్‌రెడ్డిగారు, 1996లో వెంకయ్యనాయుడుగారు ఇచ్చట పోటీచేసి యోడినపుడు జనుల నోట నానినది మతముల లెక్కయే. నగరములో ఇన్ని, పల్లెలలో ఇన్ని యని కూడి తీసివేసి చూచిరి. పల్లె యనగా తక్కెటలో వేయు తూకపురాయి. రాతికి ఆకలిదప్పు లుండునని తూచువా డెన్నడు తలంచును?

నిజమునకు ఈ రెండు లోకములను కలుపు సూత్రమొకటి ప్రకృతియే యిచ్చియున్నది. మూసీనది వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి కొండలలో పుట్టి, గండిపేట చెరువునకు వచ్చి, పాతబస్తీ నానుకొని ప్రవహించుచున్నది. 1908 నాటి వరద పిమ్మట నగరరక్షణకును త్రాగునీటికిని గండిపేట, హిమాయత్‌సాగరము లేర్పడినవి. ఆ చెరువుల కాపుదలకై 1996 మార్చిలో 111వ సంఖ్యగల యుత్తరువు వెలువడినది. దానిచే 84 గ్రామములలో కట్టడములకు, కర్మాగారములకు నిర్బంధ మేర్పడెను. ఆ గ్రామములలో పెక్కు చేవెళ్లవైపువి. నీరు త్రాగువారును, ఆ నీటికొఱకు తమ భూమిపై హక్కును తగ్గించుకొన్నవారును ఒక్క సభ్యుని క్రింద నున్న కాలమది! నగరము పల్లెకు ఋణపడినది కదా, ఆ ఋణము నే రూపమున దీర్చవలెనను ప్రశ్నకు అంతకంటె తగిన వేదిక యెచ్చట దొరకును? అయినను ఆ సంవత్సరమే జరిగిన యెన్నిక తలంపునకు రాగానే నేటికిని జ్ఞప్తికి వచ్చునది నీటిలెక్క కాదు.

2008లో కొత్తవిభజన యమలులోనికి వచ్చి ఆ ముడిని విప్పినది. హైదరాబాదు స్థానము కేవలము నగరభాగముల కూటమి యయ్యెను. చేవెళ్ల పేరిట కొత్తస్థాన మేర్పడెను. పల్లెకు విముక్తి కలిగినదని సంతోషించినవారు గలరు. కాని ఆ స్థానమున శేరిలింగంపల్లి, రాజేంద్రనగరము, మహేశ్వరము కూడ జేరినవి. 2024 నాటికి చేవెళ్ల యోటర్లు 29 లక్షలకు చేరిరి. అందు శేరిలింగంపల్లి వారే యేడులక్షలు. వికారాబాదు, తాండూరు ఒక్కొక్కటి మూడులక్షలకు లోబడినవి. పేరు పల్లెది, బలము నగరశివారులది! పాతబస్తీ కాడి దింపి అద్దాలమేడల కాడి నెత్తిరి; ఎద్దు మారలేదు.

అచ్చటి పక్షములకైన నిలుకడ గలదా? 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున గెలిచిన కొండా విశ్వేశ్వరరెడ్డిగారు 2019లో కాంగ్రెసు పక్షమున నోడి, 2024లో భారతీయ జనతాపక్షమున గెలిచిరి. 2019లో వారిని సమితి పక్షమున నోడించిన రంజిత్‌రెడ్డిగారు 2024లో కాంగ్రెసు పక్షమున నోడిరి. 111వ యుత్తరువుమాట మాత్రము ఎన్నికనుండి యెన్నికకు నడచుచునేయున్నది. 2022లో 69వ సంఖ్య యుత్తరువుతో ఆ నిర్బంధమును సడలించుచున్నట్లు ప్రభుత్వము ప్రకటించెను. నీటిని గాచిన రైతునకు నగరమేమి చెల్లించవలెనను ప్రశ్న అప్పుడును వెనుకబడినది. భూముల ధరల ముచ్చట ముందునకు వచ్చినది.

పాతబస్తీకైన లాభము గలిగినదా? 2019లో నూటికి 45 మంది, 2024లో 48 మంది మాత్రమే యోటు వేసిరి. ఆధిక్యము మొదట 2,80,000కును, పిదప 3,30,000కును మించినది. ఫలితము ముందే తెలిసిన చోట ఓటరు ఇల్లు కదలడు. అతడు కదలనిచోట సభ్యునికి సంజాయిషీ చెప్పుకొను నక్కర యుండదు. దీనిని గెలిచిన పక్షపు దోషమని త్రోసిపుచ్చుట సులభము. పోటీయే లేకుండ గీత గీసినవారి బాధ్యత యేమైనది?

“జనసంఖ్య సమముగ నుండవలె, గీత యెచ్చటనో యొకచోట పడక తప్పదు” అని కొంద రందురు. సంఖ్య ముఖ్యమే. కాని 2002 నాటి విభజన చట్టము సంఖ్యతోబాటు భూమిస్వరూపము, పరిపాలనాసరిహద్దులు, రాకపోకలు, ప్రజల సౌకర్యముకూడ చూడుమన్నది. ముసాయిదాను ప్రకటించి ఆక్షేపణలు వినుమన్నది. అయితే సంఘమునకు తోడుగ కూర్చుండువారు శాసనసభ్యులును, లోక్‌సభ సభ్యులునే. అనగా ఆ గీతవలన లాభనష్టములు పొందువారే! గెజెట్టులో వచ్చిన ముసాయిదా తాండూరు కందిరైతు చేతికి ఎప్పుడు చేరును? తుదియుత్తరువు వెలువడిన పిమ్మట దానిని న్యాయస్థానమున ప్రశ్నింపరాదని చట్టమే పలుకుచున్నది. కావున మాటలాడవలసిన దంతకు పూర్వమే.

పార్లమెంటు 2001లో చేసిన రాజ్యాంగ సవరణ తరువాతి విభజనను 2026 పిమ్మటి జనగణన వరకు వాయిదావేసినది. ఆ వాయిదా శాశ్వతము కాదు. పటము మరల బల్లపైకి రాక తప్పదు. నాడు ముసాయిదా ప్రతి మండలకేంద్రమునను తెలుగున, ఉర్దూలో అంటింపవలె. విచారణ నగరమందిరములలోనే గాక వికారాబాదునందును, తాండూరునందును జరుపవలె. చదువరులారా! ఇంటి సరిహద్దున జానెడు నేల ప్రక్కవాడు కలుపుకొన్నచో మనము ఊరకుందుమా? కొలత గొలుసు తెప్పింతుము, పెద్దలను బిలుతుము. మన యోటు సరిహద్దును మనలనడుగకయే మూడుమారులు మార్చిరి. ఇంటిలోని స్త్రీపురుషులందరు కూర్చుండి ఆ పటమును చదువుడు. తోచిన యాక్షేపణను గడువులోపల వ్రాసి పంపుడు.