మైనింగ్ నాణేలకు పరాయి కాపలా ప్రమాదం

బిట్‌కాయిన్ పుట్టే తీరులోనే దాని యాజమాన్యం తేలిపోతుంది. బ్లాకును కనుగొన్న మైనర్ అందులోని మొదటి లావాదేవీలో ప్రతిఫలాన్ని తన చిరునామాకే రాసుకుంటాడు. 2009 జనవరి 3న 50 బిట్‌కాయిన్లతో మొదలైన ఆ ప్రతిఫలం సుమారు నాలుగేళ్లకోసారి సగమవుతూ, 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది. ఆ బ్లాకుపై మరో 100 బ్లాకులు చేరేదాకా దాన్ని ఖర్చు చేయడం కుదరదు. ఆ తర్వాత చిరునామా తాలూకు ప్రైవేట్ కీ ఎవరి దగ్గరుంటే వాళ్లే నాణేన్ని కదిలించగలరు. ఈ వరసలో బ్యాంకుకు గానీ బ్రోకరుకు గానీ చోటు లేదు.

అయినా మైనర్లలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. కీని కాపాడుకోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదని, నాణేలను పెద్ద ఎక్స్‌ఛేంజిలోనో, మైనర్లను కలిపి నడిపే పూల్ వాళ్లిచ్చే ఖాతాలోనో వదిలేయడమే క్షేమమని ఆ వాదన. అందుకు మూడు కారణాలు చూపిస్తారు: కంపెనీల దగ్గర భద్రతా నిపుణులుంటారు, నష్టం వస్తే కంపెనీయే భరిస్తుంది, పాస్‌వర్డ్ మరిచిపోయినా ఖాతా తిరిగి వస్తుంది. గత పదిహేనేళ్ల అనుభవం ముందు ఈ మూడూ నిలబడవు.

అసలు డిపాజిట్ అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. నాణెం కంపెనీ చిరునామాకు చేరిన క్షణం నుంచి కీ కంపెనీదే. మైనర్ ఖాతాలో కనిపించే అంకె కంపెనీ తన పుస్తకాల్లో రాసుకున్న బాకీ. కంపెనీ సవ్యంగా నడిచినన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ కనిపించదు. చెల్లింపులు ఆగిన రోజునే బయటపడుతుంది. అమెరికాకు చెందిన క్రిప్టో రుణ సంస్థ సెల్సియస్ 2022 జూన్‌లో విత్‌డ్రాలు ఆపేసి, జులైలో దివాలా పిటిషన్ వేసింది. దాని వడ్డీ పథకంలో దాదాపు 6 లక్షల ఖాతాలు, 420 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో ఉన్నాయి. ఖాతాదారులు అంగీకరించిన నిబంధనల ప్రకారం ఆ ఆస్తి కంపెనీదేనని న్యూయార్క్ దివాలా కోర్టు 2023 జనవరిలో తీర్పు చెప్పింది. నిబంధనలు చదవకుండా ఒక బటన్ నొక్కిన పాపానికి సొమ్ము యజమానులు అప్పులవాళ్ల వరుసలో నిలబడ్డారు.

ఇక నిపుణుల సంగతి. స్లొవేనియాలోని నైస్‌హాష్, మైనింగ్ శక్తిని అద్దెకిచ్చేవాళ్లను తీసుకునేవాళ్లతో కలిపే సంస్థ. ఇంట్లో గ్రాఫిక్స్ కార్డులు నడిపే చిన్న మైనర్లకు అక్కడ బిట్‌కాయిన్లలో చెల్లింపు జమయ్యేది. 2017 డిసెంబర్ 6న దాని చెల్లింపుల వ్యవస్థలోకి దొంగలు చొరబడి సుమారు 4,700 బిట్‌కాయిన్లు ఎత్తుకుపోయారు. అప్పటి ధరలో వాటి విలువ 6 కోట్ల డాలర్ల పైమాటే. వాళ్లకు దారి దొరికింది ఒక ఉద్యోగి కంప్యూటర్ ద్వారా. పోయినవన్నీ సంస్థ చేతిలో ఉన్న నాణేలే. అప్పటికే సొంత వాలెట్‌కు చేరినవి ఒక్కటి కూడా పోలేదు. కంపెనీ ఆ బాకీ తీర్చిన మాట నిజమే, కానీ అందుకు 2020 డిసెంబర్ దాకా, అంటే మూడేళ్లు పట్టింది.

మన దేశంలో ఎక్స్‌ఛేంజి వజీర్‌ఎక్స్ ఉదంతం ఇంకా స్పష్టమైన పాఠం. పలువురు సంతకం చేస్తే తప్ప కదలని వాలెట్ దానిది. పైగా కస్టడీ సేవలకు వేరే సంస్థ ఉంది. అయినా 2024 జులై 18న దాదాపు 23 కోట్ల డాలర్లు పోయాయి. సంతకం చేసినవాళ్లకు తెరపై కనిపించిన లావాదేవీ ఒకటి, నిజానికి సంతకం పడింది మరొకదాని మీద. దొంగలు పడింది ఇథీరియం వాలెట్ మీదైనా నష్టాన్ని ఖాతాదారులందరికీ పంచారు. విత్‌డ్రాలు ఆగిపోయి, వ్యవహారం సింగపూర్ కోర్టుకెక్కింది. తాను దాచుకున్న నాణెం చోరీకి గురికాకపోయినా ఖాతాదారుడు నష్టపోయాడు.

ఈ రెండు చోరీలనూ అమెరికా ప్రభుత్వం ఉత్తర కొరియా హ్యాకర్లకే అంటగట్టింది. ఒక దేశపు యంత్రాంగం ఏళ్ల తరబడి పొంచి ఉండేది లక్షలమంది సొమ్ము ఒకేచోట పోగుపడ్డ కంపెనీల మీద. నిపుణులు ఎంతమంది ఉన్నా, ఆ పోగు పెరిగేకొద్దీ దొంగల పట్టుదలా పెరుగుతుంది. పైగా కంచే చేను మేసిన సందర్భాలూ ఉన్నాయి. కెనడా ఎక్స్‌ఛేంజి క్వాడ్రిగా వ్యవస్థాపకుడు 2018 డిసెంబర్‌లో జైపూర్‌లో మరణించినప్పుడు కీలు ఆయనతోనే పోయాయన్నారు. ఆయన బతికుండగానే ఖాతాదారుల సొమ్మును మోసంతో హరించాడని ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో తేల్చింది. మరో ఎక్స్‌ఛేంజి ఎఫ్‌టీఎక్స్ అధిపతికి ఖాతాదారుల సొమ్ము కాజేసిన నేరంపై 2024 మార్చిలో 25 ఏళ్ల జైలుశిక్ష పడింది.

నష్టం కంపెనీ భరిస్తుందన్నది రెండో కారణం. 2012 మార్చిలో స్లష్ పూల్ నుంచి 3,000కు పైగా బిట్‌కాయిన్లు చోరీ అయితే నిర్వాహకుడే సొంతంగా ఆ లోటు పూడ్చాడు. అది ఆయన మంచితనం. ఏ చట్టమూ ఆయనను బలవంతపెట్టలేదు. అదే టోక్యోలోని ఎక్స్‌ఛేంజి మౌంట్‌గాక్స్ 2014 ఫిబ్రవరిలో సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయని దివాలా తీసింది. 2,00,000 తర్వాత దొరికినా, బిట్‌కాయిన్ల పంపిణీ మొదలైంది 2024 జులైలో. భారతదేశంలో బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. ఎక్స్‌ఛేంజిలో ఉన్న క్రిప్టోకు అది వర్తించదు.

పూల్ ఖాతా వీటికి మినహాయింపు అనుకోవడం మరో పొరపాటు. అప్పట్లో పెద్ద పూల్స్‌లో ఒకటైన పూలిన్ 2022 సెప్టెంబర్‌లో నగదు లభ్యత సమస్య పేరుతో తన వాలెట్ నుంచి విత్‌డ్రాలు ఆపేసి, మైనర్ల చేతిలో బాకీ టోకెన్లు పెట్టింది. పూల్ పని మైనర్ల శ్రమను కలిపి ప్రతిఫలాన్ని పంచడం. ఆ పంపకానికి చిరునామా ఒక్కటి చాలు. కీతో దానికి పని లేదు.

మూడో కారణంలో కొంత నిజముంది. సొంత చేతిలో ఉన్న కీ పోతే నాణెం పోయినట్టే. బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌లో ఒక తొలినాటి మైనర్‌కు చెందిన హార్డ్‌డిస్క్ 2013లో చెత్తకుప్పకు చేరి, వేల బిట్‌కాయిన్లు పూడుకుపోయాయి. కానీ అక్కడ లేనిది నకలు. అదే ఏడాది రూపొందిన ప్రమాణంతో ఇప్పుడు వాలెట్ మొత్తాన్ని 12 లేదా 24 ఇంగ్లిష్ మాటల్లో కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు. అన్నిటికీ మించి, సొంత కాపలాలోని లోపాన్ని ముందే పరీక్షించి సరిచేసుకునే వీలుంది. కంపెనీ లోపల ఏం జరుగుతోందో పరీక్షించే దారి ఖాతాదారుడికి లేదు.

ఆ పరీక్ష కష్టమైనదేమీ కాదు. హార్డ్‌వేర్ వాలెట్‌లో కొత్త ఖాతా తెరిచి, అది చూపిన మాటలను వరస తప్పకుండా చేత్తో రాసుకోవాలి. ఫోన్‌తో ఫొటో తీయకూడదు, కంప్యూటర్‌లో టైపు చేయకూడదు. పూల్ సెట్టింగుల్లో అతికించిన చిరునామాను పరికరం తెరపై ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చాలి. కాపీ చేసిన చిరునామాను మధ్యలో మార్చేసే వైరస్‌లున్నాయి. మొదట ఒక చిన్న మొత్తం రానివ్వాలి. తర్వాత పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, కాగితం మీది మాటలతో మళ్లీ తెరవాలి. అదే చిరునామా, అదే మొత్తం కనిపిస్తే నకలు సరైనదని రుజువైనట్టే. కాగితపు రెండో ప్రతిని వేరే చోట దాచాలి. అది దేనికో నమ్మకమైన ఒక కుటుంబసభ్యుడికి తెలిసి ఉండాలి. వాలెట్‌ను సరిచూస్తామంటూ ఆ మాటలు అడిగినవాడు ఎవరైనా దొంగే.

పూల్‌లో చెల్లింపు పరిమితి మరీ ఎక్కువ పెడితే బాకీ పేరుకుపోతుంది. మరీ తక్కువ పెడితే చిల్లర మొత్తాలు పోగై, ఖర్చు చేసేటప్పుడు ఫీజు తడిసి మోపెడవుతుంది. పోయినా తట్టుకోగలిగినంత మొత్తమే పూల్‌లో ఉండేలా పరిమితి ఎంచుకోవాలి. అమ్మాలనుకున్నప్పుడు ఎక్స్‌ఛేంజి అవసరమే. అమ్మదలచినంత పంపి, డబ్బు బ్యాంకుకు చేరగానే అక్కడి పని ముగించాలి. సొంత వాలెట్ పన్ను నుంచి తప్పించుకునే దారి కాదు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై ఉన్న 30 శాతం పన్ను దీనికీ వర్తిస్తుంది కాబట్టి వచ్చిన తేదీ, మొత్తం, ధర రాసి ఉంచుకోవాలి.

మామూలు మనిషికి చేతకాదన్న మాట మామూలు మనిషిని తక్కువచేసే మాట. యంత్రాలు బిగించి, కరెంటు బిల్లులు కట్టి, రాత్రింబవళ్లు కాపలా కాసి మైనింగ్ చేయగలిగినవాడికి పన్నెండు మాటలు దాచుకోవడం చేతకాకపోదు. అంత కష్టపడి తెచ్చుకున్న నాణేన్ని చివరి మెట్టు మీద పరాయి చేతికి ఇవ్వకూడదు. పూల్‌లో పేరుకున్న బాకీని ప్రతి మైనరూ ఈ రోజే సొంత చిరునామాకు తెచ్చుకోవాలి.