బాలింతకూ నిద్ర కావాలి

"పగలంతా పడుకుంటాడు, రాత్రయితే జాగారమే!" పసిబిడ్డ ఉన్న ఏ ఇంటికి వెళ్లినా ఈ మాట వింటూనే ఉంటాను. వెంటనే ఎవరో ఒకరు "తల్లికి పాలు చాలడం లేదేమో" అనేస్తారు. ఆ పచ్చి బాలింత ముఖం చిన్నబోతుంది.

అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. కాకపోతే ఒక్కో విడత రెండు మూడు గంటలే. చిన్న పొట్ట, తల్లిపాలు ఇట్టే అరిగిపోతాయి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాల్సిందే. రాత్రికీ పగటికీ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇందులో తల్లి లోపం ఏముంది? నిద్రలో మూలిగినా, నవ్వినా, కాళ్లు తన్నినా కంగారుపడి ఎత్తుకోనక్కర్లేదు. ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టండి, పక్కన దిండ్లు, బొంతలు వద్దు. పాలకు కూడా లేవకుండా మత్తుగా పడి ఉంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

నాకు మింగుడుపడనిది మరొకటుంది. బాలింత పగలు పడుకుంటే ఒళ్లు నీరుపడుతుందంటారు మన పెద్దవాళ్లు. రాత్రి నాలుగుసార్లు లేచిన మనిషి పగలు కూడా కన్ను మూయకూడదంటే ఎలా? బిడ్డ పడుకున్నప్పుడే తల్లీ పడుకోవాలి. ఇక తండ్రిగారు! పాలివ్వలేరు, నిజమే. భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, తడిగుడ్డ మార్చడం, జోకొట్టడం రాని విద్యలేం కాదు. మధ్యాహ్నం వీధి తలుపు మూసి, చూడ్డానికొచ్చే చుట్టాలను సాయంత్రం రమ్మన్నా ఎవరూ ఏమీ అనుకోరు.